ప్రతిబింబ భాగాలకు క్యాడ్‌లో డ్రాయింగులు తయారుచేయడం ఎలా

తలుపు కీలును పట్టుకునే బ్రాకెట్లు, సీటుకు రెండు పక్కలా వచ్చే పలకలు, కన్వేయర్ ఫ్రేముకు అటూ ఇటూ బిగించే ప్లేట్లు వంటి ఎన్నో భాగాలు ఎడమ, కుడి జతలుగానే తయారవుతాయి. జతలో ఒకదాని మోడల్ (క్యాడ్ అనే కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తయారైన త్రీడీ ఆకారం) సిద్ధంగా ఉంటే, రెండోదాన్ని అద్దంలో నీడలా తిప్పే మిర్రర్ ఆదేశంతో పుట్టించడం నిమిషంలో ముగిసే పని. శ్రమ అంతా ఆ రెండో భాగం డ్రాయింగ్ దగ్గరే ఉంటుంది. రెండు భాగాల పొడవు, వెడల్పు, మందం, రంధ్రాల వ్యాసాలు, వాటి మధ్య దూరాలు అన్నీ సమానమే కాబట్టి, డ్రాయింగ్‌ను తలకిందులుగా అర్థం చేసుకుని తయారుచేసిన భాగం కొలతల తనిఖీలో ఎక్కడా పట్టుబడకుండా దాటిపోయి, చివరికి అసెంబ్లీలో బిగించేవారి చేతికి వచ్చాకే బయటపడుతుంది. అందువల్ల ప్రతిబింబ భాగం డ్రాయింగ్‌కు ఉన్న మొదటి బాధ్యత కొలతలు చెప్పడం కాదు, అది ఏ వాటం భాగమో, అంటే ఎడమదో కుడిదో, సందేహానికి తావు లేకుండా చెప్పడం.

ముందుగా, రెండో భాగం నిజంగా వేరేదేనా?

మిర్రర్ ఆదేశం ఇచ్చే ముందు, ఆ భాగానికి ఎడమ, కుడి తేడా ఉందో లేదో తేల్చుకోవాలి. ఎడమ చెప్పును ఎన్ని విధాల తిప్పినా కుడి చెప్పు కానట్టే, కొన్ని భాగాల ప్రతిబింబాలు ఎలా తిప్పినా అసలు భాగంతో కలవవు. కానీ భాగంలో ఒక్క సౌష్ఠవ తలం ఉన్నా చాలు, దాని ప్రతిబింబం అదే భాగమవుతుంది. అంటే ఏదో ఒక తలం వెంట కోస్తే వచ్చే రెండు సగాలు ఒకదానికొకటి అద్దంలో నీడల్లా ఉన్నాయా అన్నదే ప్రశ్న. అలాంటి తలం ఉంటే రెండో పార్ట్ నంబరు, రెండో డ్రాయింగ్, రెండో నిల్వ అరలు అన్నీ వృథా. భాగాన్ని తిప్పి బిగిస్తే సరిపోతుంది.

ఈ తలం కొన్నిసార్లు వెంటనే కంటికి కనిపించదు. సమతలమైన ప్లేటులో రంధ్రాలు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, అవి ఇటు నుంచి అటు వరకు ఒకేలా సాగే రంధ్రాలైతే, మందానికి సరిగ్గా మధ్యలో ఉన్న తలమే దాని సౌష్ఠవ తలం. కనుక ప్లేటును బోర్లించితే ప్రతిబింబం వచ్చేస్తుంది. ఆ రంధ్రాల్లో ఒక్కదానికి ఒక వైపున కౌంటర్‌సింక్ (స్క్రూ తల లోపలికి దిగేలా కోసిన గరాటు ఆకారపు అంచు) పెట్టగానే ఆ సౌష్ఠవం పోతుంది, ప్లేటు ఎడమ, కుడి జతగా విడిపోతుంది. అదేవిధంగా సమాన కాళ్లున్న యాంగిల్ బ్రాకెట్‌లో రెండు కాళ్లకూ ఒకే చోట ఒకే రంధ్రం ఉంటే, ఆ రంధ్రాలు ఒక చివరకు జరిగి ఉన్నా సరే, మూలను సమానంగా చీల్చే ఏటవాలు తలం దానికి సౌష్ఠవాన్ని ఇస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అదే బ్రాకెట్‌లో రెండు రంధ్రాలూ నామమాత్రంగా 10 మిల్లీమీటర్లే అయినా ఒకటి డోవెల్ పిన్ను (భాగాన్ని కచ్చితమైన స్థానంలో నిలిపే పిన్ను) కోసం హెచ్7, మరొకటి బోల్టు కోసం హెచ్11 అని (కొలతలో అనుమతించే తేడాకు ఇవి గుర్తులు, హెచ్7 ఎక్కువ బిగువైనది) డ్రాయింగ్‌లో రాసి ఉంటే, మోడల్‌కు మాత్రం తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆకారాలను ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే అవి సరిగ్గా కలుస్తాయి. తయారైన భాగాలు మాత్రం కలవవు. ఉపరితల నునుపు, పెయింటు వేసే వైపు, రక్షణ ఫిల్మ్ ఉన్న వైపు, లోహపు గ్రెయిన్ దిశ వంటివి కూడా ఇదే తీరులో, మోడల్‌లో కనపడకుండా, భాగానికి వాటాన్ని కల్పిస్తాయి. కాబట్టి సౌష్ఠవాన్ని మోడల్‌లో కాకుండా డ్రాయింగ్‌పై ఉన్న సమస్త సమాచారంలో వెతకాలి.

నంబరు, పేరు, చూసే దిక్కు

రెండు భాగాలూ వేర్వేరని తేలాక, వాటికి వేర్వేరు పార్ట్ నంబర్లు ఇవ్వాలి. ఒకే నంబరు కింద «ఎడమ», «కుడి» అని నోటిమాటగా నడిపే పద్ధతి కొనుగోలు ఆర్డరులోనో స్టోరులోనో ఏదో ఒక రోజు తప్పక విఫలమవుతుంది. ఒకే మూల నంబరుకు -01, -02 అని చేర్చడం, లేదా ఎల్‌హెచ్ (ఎడమ), ఆర్‌హెచ్ (కుడి) అని చేర్చడం వాడుకలో ఉంది. విమాన తయారీ రంగంలో బేసి డాష్ నంబరును (గీత తర్వాత వచ్చే సంఖ్యను) ఎడమ భాగానికి, దాని తర్వాతి సరి సంఖ్యను కుడి భాగానికి కేటాయించే ఆనవాయితీ చాలాకాలంగా ఉంది. దాని సుగుణమేమిటంటే, నంబరు చూడగానే జతలోని రెండో భాగం నంబరు కూడా తెలిసిపోతుంది.

ఎడమ అంటే ఎవరికి ఎడమ అన్నది కూడా రాసి ఉండాలి. యంత్రం ముందు నిలబడి చూసేవారి ఎడమ, యంత్రం తాను చూస్తున్న దిక్కున దాని ఎడమ పరస్పరం విరుద్ధం. వాహనాల విషయంలో ముందుకు చూస్తూ కూర్చున్నవారి ఎడమనే ఎడమగా తీసుకుంటారు, ఓడల్లో ఈ సందిగ్ధం రాకుండా పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే పేర్లు స్థిరపడ్డాయి. సాధారణ యంత్రాలకు అలాంటి ఒప్పందం ఏదీ లేదు కాబట్టి, «ఆపరేటర్ వైపు నుంచి చూసినప్పుడు» వంటి ఒక్క వాక్యాన్ని అసెంబ్లీ డ్రాయింగ్‌పై ఒకసారి రాసి, జత భాగాలన్నింటికీ దాన్నే పాటించడం మంచిది.

మోడల్‌ను పుట్టించడం

ఏ తలం మీద మిర్రర్ చేసినా వచ్చే ఆకారం ఒక్కటే, దాని స్థానం, దిశ మాత్రమే మారతాయి. ఈ సంగతి గుర్తుంటే తలం ఎంపికలో తడబాటు ఉండదు. అయినా భాగాన్ని యంత్రపు మధ్య తలానికి సంబంధించిన నిర్దేశాంకాలతో గీసి ఉంటే ఆ మధ్య తలాన్నే ఎంచుకోవాలి, అప్పుడు కొత్త భాగం అసెంబ్లీలో తన చోటికి నేరుగా వచ్చి కూర్చుంటుంది.

సాలిడ్‌వర్క్స్‌లో ముందుగా ఒక తలాన్నో సమతల ముఖాన్నో ఎంచుకుని, ఇన్సర్ట్ మెనూలోని మిర్రర్ పార్ట్ ఆదేశం ఇస్తే అసలు భాగానికి లింకు ఉన్న కొత్త ఫైలు తయారవుతుంది. తలం ఎంచుకోకపోతే ఆ ఆదేశం పనిచేయదు. ఆటోడెస్క్ ఇన్వెంటర్‌లో కొత్త పార్ట్ ఫైలు తెరిచి, డిరైవ్ ఆదేశంతో అసలు భాగాన్ని తెచ్చుకుంటూ మిర్రర్ ఎంపికకు టిక్ పెట్టి తలాన్ని సూచించాలి. క్రియోలో ఇది సేవ్ యాజ్ కింద ఉంటుంది. అక్కడ ఆకారం మాత్రమే కావాలా, ఫీచర్లతో సహా కావాలా అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది. సాలిడ్ ఎడ్జ్‌లో పార్ట్ కాపీ ద్వారా, ఫ్రీక్యాడ్‌లో పార్ట్ వర్క్‌బెంచ్‌లోని మిర్రర్ ద్వారా ఇదే పని జరుగుతుంది. ఫ్రీక్యాడ్‌లో ఆ తర్వాతి డ్రాయింగ్ పని టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో సాగుతుంది.

అసెంబ్లీ స్థాయిలో మిర్రర్ చేసేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ ప్రతి భాగానికీ విడివిడిగా నిర్ణయం తీసుకోవాలి. కాటియా వీ5లోని అసెంబ్లీ సిమెట్రీ ఆదేశం ప్రతి భాగానికీ కొత్త ప్రతిబింబ భాగం కావాలా, అదే భాగాన్ని తిప్పి పెడితే చాలా అని అడుగుతుంది. ఎన్‌ఎక్స్‌లోని మిర్రర్ అసెంబ్లీ విజార్డులోనూ, సాలిడ్‌వర్క్స్‌లోని మిర్రర్ కాంపొనెంట్స్‌లోనూ ఇలాంటి ఎంపికే ఉంది. బోల్టులు, నట్లు, బేరింగులు, మోటార్లు, సెన్సర్లు వంటి కొని తెచ్చే వస్తువులను ఎన్నడూ ప్రతిబింబంగా మార్చకూడదు, వాటిని కొత్త స్థానంలో తిప్పి పెట్టడమే సరైనది. ఇక్కడ అజాగ్రత్తగా ఉంటే, ప్రపంచంలో ఎక్కడా దొరకని ఎడమ వాటం మోటారు ఒకటి కొత్త పేరుతో సామాన్ల పట్టికలోకి చేరిపోతుంది. టెర్మినల్ బాక్సు ఎదుటి పక్కకు వచ్చిన ఆ మోటారుకు స్క్రీనుపై కేబులు చక్కగా అమరుతుంది కూడా.

కొత్త ఫైలుకు అసలు ఫైలుతో ఉన్న లింకును ఉంచాలా, తెంచాలా అన్నది మరో నిర్ణయం. భాగాలు ఎప్పటికీ జతగానే మారతాయనుకుంటే లింకు ఉంచడమే మేలు. ఎడమ భాగంలో రంధ్రం జరిపితే కుడి భాగంలోనూ అదే జరుగుతుంది. కుడి భాగానికి మాత్రమే ఒక అదనపు రంధ్రం కావలసి వచ్చినా లింకు తెంచనక్కరలేదు, ప్రతిబింబం వచ్చాక దాని మీద ఆ ఒక్క ఫీచర్‌ను చేర్చితే చాలు. లింకు ఉన్న ఫైళ్ల పేర్లనూ ఫోల్డర్లనూ మాత్రం విండోస్‌లో నేరుగా కాకుండా, క్యాడ్ లోపలి నుంచో డేటా నిర్వహణ వ్యవస్థ నుంచో మార్చాలి.

డ్రాయింగ్: ఏ పద్ధతి ఎప్పుడు

ప్రతిబింబ భాగాలను కాగితంపై చూపడానికి ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఒకే డ్రాయింగ్‌పై ఒక భాగాన్ని గీసి, రెండోది దానికి ప్రతిబింబమని గమనికలో చెప్పడం. రెండోది ప్రతి భాగానికీ దాని సొంత మోడల్ నుంచి సొంత డ్రాయింగ్ ఇవ్వడం.

గమనిక పద్ధతి పాతది, కాగితపు డ్రాయింగు బల్లల కాలం నుంచి నడుస్తున్నది, గీత పనిని సగానికి తగ్గించేది. ఉక్కు కట్టడాల డిటైలింగ్‌లోనూ విమాన రంగంలోనూ ఇప్పటికీ వాడతారు. అయితే గమనిక స్పష్టంగా ఉండాలి. «ఎదురు చేతిది ఇలాగే» అని ఊరుకోకుండా, «చూపినది -01, ఎడమ భాగం. -02, కుడి భాగం, దీనికి పూర్తి ప్రతిబింబం. అక్షరాల మార్కింగ్, థ్రెడ్ల దిశ మారవు» అని రాయాలి. ఏది గీసి ఉన్నదో, ఏది గీసి లేదో, ఏవి తిరగవో, ఈ మూడూ అందులో ఉండాలి. వాటితోపాటు రెండు నంబర్లూ టైటిల్ బ్లాక్‌లో (డ్రాయింగ్ మూలన పేరు, నంబరు రాసే గడిలో) ఉండటం తప్పనిసరి, లేకపోతే కుడి భాగం నంబరుతో డ్రాయింగ్ వెతికేవారికి ఏమీ దొరకదు.

ఈ పద్ధతిలోని భారమంతా భాగాన్ని తయారుచేసేవారి మీద పడుతుంది. గీసి ఉన్న భాగాన్ని చూస్తూ గీయని భాగాన్ని మనసులో తిప్పుకోవలసింది వారే. రెండు రంధ్రాలున్న చిన్న ప్లేటుకైతే అది సమస్య కాదు. నాలుగు బెండ్లు, రెండు ఏటవాలు ముఖాలు ఉన్న బ్రాకెట్‌ను మనసులో తిప్పమనడం మాత్రం అన్యాయం. కాబట్టి బెండ్లు ఉన్న భాగాలకు, సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే) యంత్రంపై తయారయ్యే భాగాలకు, బయటి సరఫరాదారుకు వెళ్లే భాగాలకు విడి డ్రాయింగులు ఇవ్వడమే నా దృష్టిలో సరైనది. క్యాడ్‌లో రెండో డ్రాయింగ్ ఖర్చు కొద్ది గంటలు మాత్రమే. తప్పు వాటంలో తయారైన ఒక్క బ్యాచి ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ.

ఈ రెండు దారుల మధ్య ఒక అడ్డదారి కూడా ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అసలు మోడల్ వ్యూనే డ్రాయింగ్‌లో తిప్పి ప్రతిబింబంగా చూపే ఎంపిక ఉంటుంది. కాగితం మీద అది చక్కగా కనిపిస్తుంది, కానీ దాని వెనక ప్రతిబింబ మోడల్ ఏదీ ఉండదు. సీఎన్‌సీ ప్రోగ్రాం రాయడానికి త్రీడీ ఫైలు అడిగినవారికి అసలు భాగం ఫైలే వెళుతుంది, కాగితం ఒకటి చెబుతూ ఉంటే ఫైలు ఇంకొకటి చెబుతుంది. త్రీడీ ఫైలు ఎవరికీ ఇవ్వని చోట తప్ప దీన్ని వాడకపోవడం మంచిది.

ఉన్న డ్రాయింగ్ నుంచి రెండోదాన్ని తీయడం

ఎడమ భాగం డ్రాయింగ్ పూర్తయి ఉంటే, కుడి భాగానికి మొదటి నుంచి గీయడం కంటే దాని నకలు తీసి, నకలులోని మోడల్ రిఫరెన్సును మార్చడం సహజంగా తట్టే ఆలోచన. సాలిడ్‌వర్క్స్‌లో డ్రాయింగ్ తెరిచే డైలాగ్‌లోని రిఫరెన్సెస్ బటన్ ద్వారా, ఇన్వెంటర్‌లో రీప్లేస్ మోడల్ రిఫరెన్స్ ఆదేశం ద్వారా ఇది సాధ్యమవుతుంది. షీటు, టైటిల్ బ్లాక్, గమనికలు, వ్యూల అమరిక అన్నీ నిలుస్తాయి. కొలతల్లో మాత్రం చాలా భాగం ఆధారం తెగి, రంగు మారి, గాలిలో వేలాడతాయి.

దీనికి కారణం తెలిస్తే విసుగు తగ్గుతుంది. డ్రాయింగ్‌లోని ప్రతి కొలతా మోడల్‌లోని ఒక అంచుకో ముఖానికో దాని అంతర్గత గుర్తింపు ద్వారా అతుక్కుని ఉంటుంది. ప్రతిబింబ భాగంలో ఆ ముఖాలు కొత్తగా పుట్టినవి, వాటి గుర్తింపులు వేరు. కంటికి అదే అంచు, సాఫ్ట్‌వేర్‌కు అది ఎన్నడూ చూడని అంచు. అందుకే తెగిన కొలతలను చెరిపి మళ్లీ వేయడం, లేదా వాటి చివరలను పట్టుకుని కొత్త అంచులకు తగిలించడం తప్పదు. తగిలించే పద్ధతిలో టాలరెన్సులు (కొలతలో అనుమతించే తేడాలు), కొలత పక్కన రాసిన మాటలు పోకుండా మిగులుతాయి కాబట్టి, టాలరెన్సులు దట్టంగా ఉన్న డ్రాయింగ్‌కు అదే లాభం. టాలరెన్సులు లేకుండా నాలుగైదు కొలతలే ఉన్న డ్రాయింగ్‌కు కొత్తగా వేయడమే త్వరగా అవుతుంది.

మరొక సంగతి: లింకుతో వచ్చిన ప్రతిబింబ భాగంలో సాధారణంగా స్కెచ్‌లు, ఫీచర్లు ఉండవు, ఒక ఘనాకారం మాత్రమే ఉంటుంది. మోడల్ కొలతలను డ్రాయింగ్‌లోకి ఒక్క ఆదేశంతో దింపుకునే అలవాటు ఉన్నవారికి ఇక్కడ ఏమీ దిగకపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది. సాలిడ్‌వర్క్స్‌లో మిర్రర్ పార్ట్ పెట్టేటప్పుడే ఏయే సమాచారం వెంట రావాలో టిక్ పెట్టే పట్టిక ఉంటుంది. కాస్మెటిక్ థ్రెడ్లు (మరలను గుర్తుగా మాత్రమే చూపేవి), కస్టమ్ ప్రాపర్టీలు (ఫైలులో రాసి ఉంచే పేరు, నంబరు వంటి వివరాలు) వంటివి అక్కడ గుర్తుపెట్టకపోతే వెంట రావు. కస్టమ్ ప్రాపర్టీలు వచ్చినప్పుడు వాటితోపాటు ఎడమ భాగం పేరు, నంబరు కూడా వస్తాయి. వాటిని కుడి భాగం ఫైలులో మార్చకుండా వదిలేస్తే టైటిల్ బ్లాక్ తప్పు నంబరును నిబ్బరంగా ముద్రిస్తుంది. జత భాగాల డ్రాయింగులలో దొర్లే తప్పుల్లో ఇది అతి మామూలుది, అతి ఖరీదైనదీ ఇదే.

వ్యూల అమరిక విషయంలో ఒక సలహా. కుడి భాగాన్ని గుండ్రంగా తిప్పి, దాని డ్రాయింగ్ ఎడమ భాగం డ్రాయింగ్‌లాగే కనిపించేలా అమర్చాలనే కోరిక కొందరిలో ఉంటుంది. అది వద్దు. రెండు షీట్లను పక్కపక్కన పెడితే మధ్యలో అద్దం పెట్టినట్టు ఉండాలి. ముందు నుంచి చూసిన ఎదుటి వ్యూ తిరగబడి ఉండాలి, పక్క వ్యూ దానికి రెండో వైపుకు వెళ్లాలి. అప్పుడు రెండు కాగితాల తేడా దూరం నుంచే తెలుస్తుంది. షీటు మూలలో ఒక చిన్న ఐసోమెట్రిక్ వ్యూ (మూల నుంచి ఏటవాలుగా చూసిన బొమ్మ), దాని పక్కన పెద్ద అక్షరాలతో భాగం వాటం, అసెంబ్లీలో అది కూర్చునే చోటు చూపే చిన్న బొమ్మ ఉంటే మరీ మంచిది. ఏ వ్యూ షీటుపై ఎటువైపు వస్తుందో చెప్పే ప్రొజెక్షన్ గుర్తును కూడా ప్రత్యేకంగా సరిచూడాలి. ఎడమ నుంచి చూసిన వ్యూ ఫస్ట్ యాంగిల్‌లో కుడివైపున, థర్డ్ యాంగిల్‌లో ఎడమవైపున వస్తుంది. ఫస్ట్ యాంగిల్ డ్రాయింగ్‌ను థర్డ్ యాంగిల్ అనుకుని చదివితే, సరిగ్గా ప్రతిబింబ భాగమే తయారయ్యే ప్రమాదం ఉంది.

కేవలం టూడీలో పనిచేసేవారికి

ఆటోక్యాడ్ వంటి టూడీ డ్రాయింగ్‌లో మోడల్ అంటూ లేదు కాబట్టి, వ్యూలనే మిర్రర్ చేయాలి. మిర్‌టెక్స్ట్ అనే సిస్టమ్ వేరియబుల్ (సెట్టింగు) విలువ 0 అయితే అక్షరాలు చదివేటట్టే ఉంటాయి, 1 అయితే తిరగబడతాయి. అయితే బ్లాకులలో (ఒకే వస్తువుగా కట్టిన గీతల సమూహాలలో) ఇమిడి ఉన్న అక్షరాలు ఈ విలువతో సంబంధం లేకుండా తిరగబడతాయి, వాటిని విడిగా సరిచేయాలి.

అసలైన ఉచ్చు మరోచోట ఉంది. అన్ని వ్యూలనూ కలిపి ఒకే నిలువు గీత మీద మిర్రర్ చేస్తే, ఎదుటి వ్యూకు కుడివైపున ఉన్న పక్క వ్యూ ఎడమవైపుకు వెళుతుంది. ఫస్ట్ యాంగిల్‌లో కుడివైపున ఉండేది ఎడమ నుంచి చూసిన వ్యూ, ఎడమవైపున ఉండేది కుడి నుంచి చూసిన వ్యూ. కుడి భాగాన్ని కుడి నుంచి చూస్తే కనిపించేది, ఎడమ భాగాన్ని ఎడమ నుంచి చూస్తే కనిపించేదాని ప్రతిబింబమే కాబట్టి, మిర్రర్ చేసిన షీటు అలాగే సరిగ్గా ఉంది. కానీ షీటు అమరిక పాతదానిలా ఉండాలని పక్క వ్యూను పట్టి లాగి మళ్లీ కుడివైపున పెడితే, కుడి నుంచి చూసిన వ్యూ ఎడమ నుంచి చూసినదిగా చదవబడుతుంది. గీతలన్నీ సరైనవే, డ్రాయింగ్ మాత్రం తప్పు. కనుక మిర్రర్ చేశాక వ్యూలను వాటి వరుసలోనే జరపాలి తప్ప, ఒక పక్క నుంచి మరో పక్కకు దాటించకూడదు.

తిరగకూడనివి

ప్రతిబింబంలో తిరగవలసినవాటికంటే తిరగకూడనివాటి జాబితా మీదే ఎక్కువ దృష్టి ఉండాలి. చెక్కిన అక్షరాలు, పార్ట్ నంబరు మార్కింగ్, బాణపు గుర్తులు, కంపెనీ చిహ్నం ఆకారంగా మోడల్‌లో ఉంటే అవి తిరగబడి చదవడానికి వీలులేకుండా పోతాయి. కాబట్టి మార్కింగ్ ఫీచర్లను అసలు భాగంలో ఆఖరున పెట్టి, ప్రతిబింబం తీసేటప్పుడు వాటిని అణచి ఉంచిన కాన్ఫిగరేషన్ (అదే ఫైలులోని మరో రూపం) వాడి, కుడి భాగంలో కొత్తగా చెక్కడం శుభ్రమైన పద్ధతి.

థ్రెడ్ల విషయంలో, థ్రెడ్‌ను నిజమైన హెలిక్స్‌గా (మెలికలు తిరిగే గీతగా) గీసి ఉంటే అది ఎడమ థ్రెడ్‌గా మారిపోతుంది. కాస్మెటిక్ థ్రెడ్‌గా ఉంటే బొమ్మలో తేడా ఏమీ ఉండదు, పిలుపు (థ్రెడ్ పక్కన రాసే కొలత గుర్తు) పాతదే నిలుస్తుంది. సాధారణంగా మనకు కావలసింది రెండు భాగాల్లోనూ కుడి థ్రెడ్డే. నిజంగా ఎడమ థ్రెడ్ కావలసిన అరుదైన చోట ఎం10×1.5-ఎల్‌హెచ్ అని పిలుపులోనే రాయాలి. గమనిక పద్ధతిలో ఈ సంగతి చెప్పకపోతే, డ్రాయింగ్‌ను అక్షరాలా పాటించే సరఫరాదారు ఎడమ ట్యాపు (ఎడమ థ్రెడ్ కోసే పనిముట్టు) కొని మరీ వేయవచ్చు, అప్పుడు వారిని తప్పు పట్టడానికి మన దగ్గర ఆధారం ఉండదు.

వెల్డింగ్ గుర్తులు కూడా టూడీ మిర్రర్‌లో దెబ్బతింటాయి. ఫిల్లెట్ వెల్డ్ (మూలలో వేసే వెల్డ్) గుర్తులోని త్రిభుజానికి నిలువు గీత ఎప్పుడూ ఎడమవైపునే ఉండాలి, వెల్డ్ ఎటు ఉన్నా సరే. అడ్డంగా తిప్పిన గుర్తులో అది కుడికి పోతుంది. పైకీ కిందికీ తిప్పితే ఇంకా ప్రమాదం: గుర్తు గీతకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి వెల్డ్ బాణం వైపా, అవతలి వైపా అని తేలుతుంది కాబట్టి, అర్థమే మారిపోవచ్చు. ఉపరితల నునుపు గుర్తులకూ ఇదే జాగ్రత్త. పొరలుగా పేర్చే కాంపోజిట్ భాగాల్లో మాత్రం తిరగవలసింది తిరగకపోవడమే తప్పు. సున్నా డిగ్రీల దిశ వెంట నిలిచిన తలంలో ప్రతిబింబం తీసినప్పుడు +45 డిగ్రీల పొర (పీచులు ఆ కోణంలో ఉన్నది) -45 అవుతుంది, పొరల పట్టికను ఉన్నదున్నట్టు నకలు చేస్తే కుడి భాగం తప్పుతుంది.

షీట్ మెటల్

రేకు భాగాల్లో ఒక ఉపయోగకరమైన సంగతి ఉంది. ప్రతిబింబ భాగాన్ని విప్పి చదును చేస్తే వచ్చే ఆకారం, అసలు భాగపు చదును ఆకారాన్ని బోర్లించినదే. అంటే లేజర్‌పై కోసిన ఒకే రకం రేకు ముక్క రెండు భాగాలకూ పనికివస్తుంది, బెండ్లు పైకి కాకుండా కిందికి వంచితే చాలు. ఒక వైపు కౌంటర్‌సింకులు, ఫిల్మ్, ముందే వేసిన రంగు, చూడదగిన వైపు వంటివి ఉంటే ఈ సౌలభ్యం పోతుంది. అప్పుడు బోర్లించిన చదును ఆకారాన్నే కోయాలి.

డ్రాయింగ్‌లో చేయవలసింది ఏమిటంటే, చదును వ్యూలో ప్రతి బెండు గీత పక్కనా కోణం, లోపలి వ్యాసార్ధం, పైకా కిందికా అన్నది రాసి, ఆ వ్యూ రేకుకు ఏ ముఖాన్ని చూపుతున్నదో స్పష్టం చేయాలి. ముఖం చెప్పకుండా «పైకి» అన్న మాటకు అర్థం లేదు. కోత యంత్రానికి ఇచ్చే డీఎక్స్ఎఫ్ ఫైలును కూడా అదే ముఖం నుంచి తీయాలి, లేకపోతే కాగితంలోని పైకి, ఫైలులోని పైకి ఎదురెదురు దిక్కులవుతాయి.

తయారీ, తనిఖీ బల్లల మీద

సీఎన్‌సీ కంట్రోలర్లలోనూ మిర్రర్ సౌకర్యం ఉంది. ఫానుక్ కంట్రోలర్లలో జీ51.1 దాన్ని ప్రారంభిస్తుంది, జీ50.1 రద్దు చేస్తుంది. ఎడమ భాగం ప్రోగ్రాంను దానితో తిప్పి కుడి భాగం కోయడం సులువుగా అనిపిస్తుంది కానీ, ఒక అక్షం మీద మార్గం తిరగబడినా కట్టర్ మాత్రం అదే దిశలో తిరుగుతూ ఉంటుంది కనుక, క్లైంబ్ మిల్లింగ్‌గా (కట్టర్ పళ్లు భాగం కదిలే దిశలోనే కోసేది) సాగిన కోత కన్వెన్షనల్ మిల్లింగ్‌గా (ఎదురు దిశలో కోసేది) మారుతుంది. ఉపరితలం నునుపు, కట్టర్ ఒంపు రెండూ మారతాయి. టాలరెన్సులు బిగువుగా ఉన్న భాగానికి ప్రతిబింబ మోడల్ ఇచ్చి కొత్తగా మార్గం తీయించడమే మంచిది. విడి మోడల్ కావాలని నేను పట్టుబట్టడానికి ఇది మరో కారణం.

డేటమ్ అక్షరాలను (కొలతలకు ఆధారమైన ముఖాలకు ఇచ్చే గుర్తులను) రెండు డ్రాయింగులలోనూ ఒకే పనిచేసే ముఖాలకు ఇవ్వాలి. ఎడమ భాగంలో బోల్టు బిగిసే ముఖం «ఏ» అయితే కుడి భాగంలోనూ అదే «ఏ» కావాలి, షీటు మీద అది ఏ మూలన ఉన్నా సరే. హోల్ టేబుల్ (రంధ్రాల స్థానాల పట్టిక) వాడితే ఒక అక్షం వెంట నిర్దేశాంకాల గుర్తు మారుతుంది. కొలత యంత్రాలు కుడి వాటం నిర్దేశాంక వ్యవస్థతోనే పనిచేస్తాయి కాబట్టి, పట్టికలో ఋణ సంఖ్యలు రావడం తప్పు కాదు. వాటిని ధనంగా మార్చాలని మూలబిందువును ఎదుటి అంచుకు జరిపితే, కొలతల ఆధారమే మారిపోయి టాలరెన్సులు పోగుపడతాయి.

విడుదల చేసే ముందు మోడల్‌ను సరిచూడడానికి రెండు తేలిక మార్గాలు ఉన్నాయి. రెండు భాగాల ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం చివరి అంకె వరకు సమానంగా ఉండాలి. గురుత్వ కేంద్రం మిర్రర్ తలానికి లంబంగా ఉన్న అక్షం మీద మాత్రమే గుర్తు మార్చుకోవాలి, మిగతా రెండు విలువలు అలాగే ఉండాలి. ఇందుకు మూలబిందువు ఆ తలం మీద ఉండటం అవసరం. అంతకంటే గట్టి పరీక్ష కావాలంటే, ప్రతిబింబాన్ని తిరిగి అదే తలం మీద మిర్రర్ చేసి, అసలు భాగం నుంచి దాన్ని, దాని నుంచి అసలు భాగాన్ని తీసివేసి చూడాలి. ఏమీ మిగలకూడదు. ఏదైనా మిగిలితే అది ఉద్దేశపూర్వకంగా చేర్చిన తేడానా, దొంగచాటుగా చొరబడిన తేడానా అని చూడాలి.

మార్పులు వచ్చినప్పుడు

లింకు ఉన్న జతలో ఎడమ భాగం మోడల్ మారితే కుడి భాగం తనంతట తానే మారుతుంది, కానీ కుడి భాగం డ్రాయింగ్ రివిజన్ అక్షరం (ఎన్నోసారి సవరించినదో చెప్పేది) తనంతట తాను మారదు. విడుదలైన డ్రాయింగ్ వెనక ఉన్న ఆకారం చడీచప్పుడు లేకుండా మారిపోయే ఈ స్థితి, లింకు ఇచ్చే సౌకర్యానికి చెల్లించే మూల్యం. అందువల్ల మార్పు పత్రంలో రెండు నంబర్లూ ఎల్లప్పుడూ కలిసే ఉండాలి. ఒక భాగానికి మాత్రమే మార్పు వర్తిస్తే, రెండోదానికి ఎందుకు వర్తించదో ఒక మాట రాయాలి. ప్రతి డ్రాయింగ్ టైటిల్ బ్లాక్ దగ్గర «జత భాగం» అని రాసి ఎదుటి నంబరును ఇచ్చి ఉంచితే, మార్పు చేసేవారు దాన్ని మరిచిపోయే అవకాశం తగ్గుతుంది.

గమనిక పద్ధతిలో ఉన్న పాత డ్రాయింగ్‌లో ఎడమ, కుడి భాగాల మధ్య మొదటి తేడా పుట్టిన రోజున, ఆ డ్రాయింగ్‌ను రెండుగా విడదీయాలి. «-02లో ఈ రంధ్రం ఉండదు» అని ఒక గమనిక, ఆరు నెలలకు «-02లో ఈ కొలత 42» అని మరో గమనిక చేరుస్తూ పోతే, గీయని భాగం పూర్తిగా మాటల్లోనే బతుకుతుంది. విడదీసేటప్పుడు పార్ట్ నంబర్లను మార్చకూడదు. -02 అనే నంబరు కొనుగోలు ఆర్డర్లలోనూ స్టోరు అరల మీదా అప్పటికే ఉంటుంది, మారవలసింది అది చూపే డ్రాయింగ్ ఒక్కటే. పాత డ్రాయింగ్ కొత్త రివిజన్‌లో ప్రతిబింబ గమనికను కొట్టివేసి, -02కు ఇకపై ఏ డ్రాయింగ్ చూడాలో అక్కడే రాయాలి, ఎందుకంటే సరఫరాదారు సొరుగులో ఉన్న పాత కాగితం చాలాకాలం పాటు పనిచేస్తూనే ఉంటుంది.